కారుకు బొట్టు, బావకు తిట్టు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన సుదర్శనానికి తిరువళ్ళూరులో పిలిచి మంచినీళ్ళిచ్చే ఇల్లు ఒక్కటి కూడా మిగలకూడదు. ఇంకా కొన్ని మిగిలాయంటే అది ఊరి మంచితనమే కాని ఆయన నోటి గొప్పతనం కాదు.

ఆయన పని పాతకార్లు చూడడం. చూడడమంటే ముచ్చటపడి చూడడం కాదు. మద్రాసులో డబ్బు ఎక్కువై నిద్ర తక్కువైన పెద్దమనుషులు కొందరున్నారు. ముత్తాతల నాటి బండి ఎక్కడో చింతచెట్టు కింద పడి ఉందని తెలిస్తే చాలు, వాళ్ళకు అన్నం సయించదు. కొనేముందు అందులో ఏ భాగం కంపెనీ నుంచి వచ్చినప్పటిదో, ఏది మధ్యలో ఎవడో తగిలించిందో తేల్చి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి సుదర్శనం. ఒక టార్చిలైటు, పళ్ళ డాక్టరు నోట్లో పెట్టి చూసేటువంటి చిన్న అద్దం, బొటనవేలికి పెంచుకున్న గోరు, ఇవే ఆయన పనిముట్లు. బండి కింద దూరి, గోరుతో అక్కడా ఇక్కడా గీకి, లేచి చొక్కా దులుపుకుని "డూప్పు" అంటాడు. నచ్చజెప్పడాలు, సారీలు ఉండవు. అమ్మేవాడి ముఖం మాడిన దోసెలా అయిపోతుంటే ఈయన కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు.

పుట్టింది కడంబత్తూరులో. మొదటి ఉద్యోగం పట్టాభిరామ్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ అంగట్లో. చేరిన కొత్తలోనే ఒక లారీ ఓనరు బేరింగు పెట్టెను అటూ ఇటూ తిప్పి, "ఇది ఒరిజినలేనా?" అని అడిగాడు. యజమాని తెరుచుకున్న నోరు మూసేలోపే సుదర్శనం, "అట్టపెట్టె ఒరిజినలే సార్, లోపలిది డూప్పు" అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ ఆ అంగడి మెట్లెక్కలేదు. ఎందుకు పోగొట్టుకున్నావని తల్లి ఏడిస్తే, నేను ఉద్యోగం పోగొట్టుకోలేదు, బేరింగును గుర్తుపట్టానంతే అన్నాడట.

ఆ నోటికి వేళాపాళా లేదు. ఎదురింటి ముసలాయన పోతే శవం మీద వేసిన గంధపుమాలను వాసన చూసి, ఇది గంధం కాదు, మామూలు చెక్కకు సెంటు కొట్టారన్నాడు. ఏడుస్తున్న కొడుకు ఏడుపు ఆపి మాల కొన్న బావమరిదిని వెతుక్కుంటూ వెళ్ళాడు. చివరికి తన పెళ్ళిలోనే, అత్తవారు పెట్టిన వెండిచెంబును గోరుతో గీకి "జర్మన్ సిల్వర్" అన్నాడు. పందిరి మొత్తం బిగుసుకుపోయింది. పెళ్ళికూతురు కాంచనకు తాళి పడకముందే కన్నీళ్ళొచ్చాయి. ఒక్క మామ ఏకాంబరం మాత్రం భుజం మీది తువ్వాలు జారిపోయేలా నవ్వాడు.

"అంగడోడు నన్ను ముంచినాడు, అల్లుడు బయటేసినాడు. ఈ నోట్లోంచి అబద్ధం రాదురా. వీడు మనకు కావాల" అన్నాడు.

సుదర్శనం నోటిని మెచ్చుకున్న మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడే. ఏకాంబరం పోయినప్పుడు కొడుకులకంటే అల్లుడే ఎక్కువ ఏడ్చాడు. నటన అన్నారు కొందరు. నటించడం వచ్చిన మనిషే అయితే పట్టాభిరామ్‌లో ఇంకా ఉద్యోగం ఉండేది.

ఏకాంబరానిది ఆంధ్రా సరిహద్దులో ఉన్న అత్తిమంజేరిపేట. చెరుకుతోటలు, మామిడితోటలు, వాటన్నిటికంటే ఎక్కువగా ఒక కారు. ల్యాండ్‌మాస్టర్. అంబాసిడర్‌కు పెద్దన్న లాంటి బండి. ఆ సీమలో ఆయుధపూజకు కత్తిపీట మొదలు లారీ దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. అందరూ కుంకుమ పెడతారు. పెట్టిన కుంకుమ మర్నాటికి రాలిపోతుందని ఏకాంబరానికి కోపం. అందుకని ఇనుపగేటుకు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు తెచ్చి, వేలితో బండి మొత్తం బొట్లు పెట్టేశాడు. తలుపుల లోపల, చక్రాల వెనుక, ఇంజన్ పక్కన, గేరుపెట్టె మీద, ఎక్కడ చెయ్యి దూరితే అక్కడ. ప్రతి ఏడూ పాత బొట్టు మీదే కొత్త బొట్టు. పోనుపోను ఒక్కో బొట్టు కందిబేడంత ఉబ్బింది. చూసినవాళ్ళు కారుకు ఆటలమ్మ పోసిందని నవ్వేవాళ్ళు. ఆ ఇంటి ఆడపిల్లలు పెళ్ళిమండపానికి ఆ కారులోనే వెళ్ళాలి. కాంచన కూడా దాంట్లోనే వెళ్ళింది, చెంబు గురించి ఏడవడానికి.

తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. పెద్దవాడు రత్నస్వామి, చిన్నవాడు ఎలుమలై, మధ్యలో పుట్టిన కాంచన. కాంచన నాకేమీ వద్దంది. భూములు సులువుగా తెగాయి, బావి తెగింది, చివరికి ఇత్తడి అండాలు కూడా తెగాయి. కారు తెగలేదు. ఒకరు ఉంచుకుని ఇంకొకరికి డబ్బిమ్మన్నారు పెద్దమనుషులు. ఇద్దరికీ కారే కావాలి. విసిగిపోయిన ఎలుమలై, "అట్లయితే దాన్ని కూడా సగం చేసేయండి" అన్నాడు. అది కోపంతో అన్న మాటని పసిపిల్లలకైనా తెలుస్తుంది. కానీ పెద్దమనుషులు పొద్దుటినుంచి కూర్చుని ఉన్నారు, లోపలినుంచి సాంబారు వాసన వస్తోంది. సరే అనేశారు. పళ్ళిపట్టు నుంచి మెకానిక్కు చైన్ కప్పీతో వచ్చాడు. ఒళ్ళు అన్నకు. ఇంజను, గేరుపెట్టె తమ్ముడికి. రెండు ఇళ్ళ మధ్య ఒక గోడ కూడా లేచింది.

తర్వాత రత్నస్వామి ఎక్కడినుంచో ఒక ఇంజను తెచ్చి తన ఒంట్లో పెట్టుకున్నాడు. ఎలుమలై నాలుగూళ్ళ రేకులు తెచ్చి తన ఇంజను చుట్టూ కట్టుకున్నాడు. నాయన కారు నా దగ్గరుందంటే నా దగ్గరుందని ఇద్దరూ ఊరంతా చెప్పుకున్నారు. తమ్ముడు అసలు ఇంజన్ను ఎప్పుడో అమ్ముకున్నాడని అన్న, అన్న అసలు ఒళ్ళును పాతసామానుకు వేశాడని తమ్ముడు. మాటలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఒకడి ఇంట్లో తుమ్మితే ఇంకొకడు కిటికీ మూసేసేవాడు.

ఇంతలో సుదర్శనం కూతురు జననికి పెళ్ళి కుదిరింది. తిరుత్తణి కొండ కింద మండపం. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు పీటల దగ్గరికి మోసుకురావాలి. గంపకు రెండు పక్కలు, జననికి ఇద్దరు మేనమామలు. దేవుడు లెక్క సరిగ్గానే వేశాడు, మధ్యలో కారు అడ్డొచ్చింది.

"బిడ్డ నాయన కారులోనే మండపానికి పోవాల. అది నా కొట్టంలో ఉండాది. వాడి డబ్బాలో ఎక్కిందంటే నేను ఆ దిక్కుక్కూడా రాను" అన్నాడు రత్నస్వామి.

ఎలుమలై కూడా సరిగ్గా అదే అన్నాడు, కాకపోతే డబ్బా అనకుండా కోళ్ళగూడు అన్నాడు. అద్దెకారు పెట్టుకుంటామంటే ఇద్దరూ అలిగారు. చివరికి ఒక్క విషయంలో మాత్రం ఏకమాటగా ఉన్నారు. ఎవరి సగం నిజంగా నాయన కారుదో, ఎవరిది డూప్పో బావ చూసి చెప్పాలి. బావ నోట్లో అబద్ధం రాదని నాయనే అన్నాడు.

కారు చూడడానికి మొగుడూ పెళ్ళాం తిరువళ్ళూరులో రైలెక్కారు. అరక్కోణం దాటాక కాంచన నోరు విప్పింది.

"జనని నాయనా, రెండూ ఒరిజినలే అని చెప్పేయి."

"చూడకుండా ఎట్ల చెప్పేది?"

"చూసినాక కూడా అదే చెప్పు."

"చూసినాక ఉండేది చెప్తా. లేనిది నాకు రాదు కదమ్మే."

కాంచనకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. జామకాయలమ్మే మనిషి బుట్ట దించి మరీ నిలబడి చూసింది.

"నేను ఆస్తి అడగలా, నగ అడగలా. నా బిడ్డ గంపకు అటొకడు ఇటొకడు నా తోడబుట్టినోళ్ళు ఉండాల. అంతే అడిగింది. నీ నోటితో వాళ్ళల్లో ఒకడు పోయినాడంటే, ఆ గంపను నువ్వూ నీ గోరూ మోసుకోండి."

సుదర్శనం కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె అడిగింది ఎక్కువేమీ కాదని ఆయనకు తెలుసు.

అత్తిమంజేరిపేటలో ముందు రత్నస్వామి కొట్టం. రత్నస్వామి భార్య తులసమ్మ కారు మీది గోనెపట్టాలు తీసింది. సుదర్శనం పంచె ఎగ్గట్టి కింద దూరాడు. తలుపుల లోపలి అట్ట తొలగించి, జిడ్డు తుడిచి, టార్చి వేసి చూశాడు. ఉంది. కందిబేడంత బొట్టు. అంచున గోరు పెట్టి కొంచెం గీకితే ఎరుపు, దాని కింద ఇంకో ఎరుపు, దాని కింద ఇటుకరంగు, ఉల్లిపాయలాగా పొర మీద పొర. ఇది ఒక్కరోజులో చేయగలిగిన మోసం కాదు. ప్రతి ఏడూ ఒక ముసలాయన వంగి, నడుం పట్టుకుని పెట్టాలి. నాలుగు తలుపులకూ ఉంది, అడుగు చట్రానికీ ఉంది, స్టీరింగు వెనుకా ఉంది. ఒళ్ళు అసలుదే.

ఇక ఆ ఒంట్లో ఉన్న బయటి ఇంజను. దానికీ ఒక బొట్టు ఉంది. ఎర్రగా తళతళలాడుతోంది. గోరు తగలగానే తొక్కలాగా ఊడి వచ్చింది. వాసన చూశాడు. గోళ్ళరంగు. తలెత్తితే తులసమ్మ చీరకొంగుతో వేళ్ళు కప్పుకుంటోంది.

"ఊరికే, కంటికి నిండుగా ఉండాలని" అంది.

తర్వాత గోడ అవతల ఎలుమలై షెడ్డు. ఆ ఒళ్ళు గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. కానీ ముందుమూత ఎత్తాక సుదర్శనం టార్చిని ఇంకా దగ్గరికి పెట్టాడు. నంబరు రేకు ఎప్పుడు బిగించిందో అప్పటి రివెట్లతోనే ఉంది, ఎవరూ ఊడదీయలేదు. బోల్టులకు ఎలుమలై అందించిన అంగుళాల స్పానర్లే పడుతున్నాయి, ఈ కాలపు మిల్లీమీటరు స్పానరు ఒక్కటీ పట్టడం లేదు. జిడ్డు కింద వేలు పెట్టి తడిమితే గుండ్రంగా, నున్నగా తగిలింది. మామ బొట్టు. ఇన్నేళ్ళలో ఎందరో జమీందార్ల కార్లు చూశాడు, గాజుతలుపుల వెనుక ఏసీలో ఉంచిన కార్లు చూశాడు. ప్రతిదాంట్లో ఎక్కడో ఒకచోట ఎవడో చెయ్యి పెట్టినవే. ఇంత నికార్సైన బండిని ఎన్నడూ చూడలేదు. మధ్యలో గోడ ఉండడం తప్ప ఆ కారుకు లోపమే లేదు.

చేతులు కడుక్కుంటూ, మాటవరసకు అన్నట్టు అడిగాడు. "రెండూ నిజమే అనుకో బావా. అప్పుడేం చేస్తారు?"

"అప్పుడు ఒళ్ళే కారు" అన్నాడు రత్నస్వామి తన వాకిట్లోంచి. "ఇంజనంటావా, ఎద్దును మార్చినట్ల మార్చుకోవచ్చు."

"ప్రాణం పోయిన ఒళ్ళును ఏమంటారో అడుగు బావా ఆయన్ని" అన్నాడు ఎలుమలై ఈ పక్కనుంచి.

"వాణ్ణి నోరు మూసుకోమను."

"ఆయన్నే మూసుకోమను."

ఉన్నది ఉన్నట్టు చెబితే ఇద్దరూ గెలుస్తారు. గెలిచిన ఇద్దరూ ఇంకో పాతికేళ్ళు కొట్టుకుంటారు. ఒకరిది అసలుదంటే రెండోవాడు మండపానికి రాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వీధిలో నలుగురూ చేరారు. కాంచన అరుగు స్తంభం పట్టుకుని మొగుడి నోటివైపే చూస్తోంది. పుట్టినప్పటినుంచి తాళం లేని ఆ నోరు ఆరోజు మొరాయించింది. పెదవులు తడుపుకున్నాడు. మామ ముఖం గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉండాల్సింది.

"రెండూ డూప్పే" అన్నాడు.

"ఏమంటివీ?" అన్నాడు రత్నస్వామి.

"నీ ఒళ్ళు డూప్పు. నీ తమ్ముడి ఇంజను డూప్పు. మామ కారు ఎప్పుడో ఇనుపకొట్టుకు పోయింటాది. మీ దగ్గర ఉండేది పనికిమాలిన రేకు, పనికిమాలిన ఇనుము. దీనికోసరం ఇన్నేండ్లు కొట్టుకున్నారు."

రత్నస్వామి గోడ పక్కకు నడిచాడు. గోడ మీంచి తమ్ముడి ముఖం చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి నేరుగా వాడితోనే మాట్లాడాడు.

"ఏమంటాండాడ్రా ఈయన?"

"మనల్ని దొంగలంటాండాడు అన్నా" అన్నాడు ఎలుమలై.

"నా తమ్ముడు ఇంజను మార్చినాడంటావా బావా?" రత్నస్వామి గొంతు వీధి చివరిదాకా వినబడింది. "వాడు సోంబేరి నాయాలు. కట్టుకున్న లుంగీ మార్చడానికే వాడికి ఓపిక లేదు, ఇంజను మారుస్తాడా!"

"మా అన్న ఒళ్ళు అమ్ముకున్నాడా?" అని ఎలుమలై అందుకున్నాడు. "ఆయన పిసినారితనం నీకు తెలుసా? చిరిగిన చెప్పు కూడా ఇంట్లోంచి బయటికి పోనీడు. కారును పోనిస్తాడా!"

ఒకరినొకరు అంత దారుణంగా మెచ్చుకోవడం ఊరు ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి బావను తిట్టారు. ఒకరికి మాట తడబడితే ఇంకొకరు అందించారు. జర్మన్ సిల్వర్ చెంబు బయటికొచ్చింది, గంధపుమాల బయటికొచ్చింది, గోరు మీద తిట్టు, గోరు పెంచిన వేలి మీద తిట్టు. తులసమ్మ రెండిళ్ళకూ కలిపి మజ్జిగ తెచ్చింది. బావకు మాత్రం ఇవ్వలేదు.

"నువ్వు డూప్పనిన ఈ రెండిటినీ చేర్చి ఒక కారు చేస్తాం. అదే కారులో మా బిడ్డను మండపానికి తెస్తాం. నువ్వు కండ్లార చూడు" అన్నాడు రత్నస్వామి.

"ఎవడి సగం ఎంతని అడిగేవాడు ఇంక లేడు. రెండూ పనికిమాలినవే కదా" అన్నాడు ఎలుమలై, ఆ మాటలో ఎంత నిజం దాగి ఉందో తెలియకుండానే.

తిరుగు రైల్లో కాంచన వేరే సీట్లో కూర్చుంది. వారం తర్వాత తులసమ్మ ఫోన్ చేసింది. ఇంజను ఇవతలికి తేవడానికి గోడకు సందు కొట్టారట, సందు కొడితే గోడ మొత్తం పడిపోయిందట, పడిందాన్ని ఎత్తించే తీరిక ఇద్దరికీ లేదట. కాంచన ఫోన్ పెట్టేసి మొగుడి వైపు చాలాసేపు చూసింది. ఆ రోజు చారులో ఇంగువ కొంచెం ఎక్కువ పడింది, ఆయనకు ఇష్టమైనట్టు.

పెళ్ళిరోజు కారు తిరుత్తణి మండపం ముందు ఆగింది. బొట్ల మీది జిడ్డంతా తుడిచి మెరిపించారు. జనని దిగింది. గంపకు అటు రత్నస్వామి, ఇటు ఎలుమలై. రత్నస్వామి పొట్ట అడ్డం, ఎలుమలై పొట్టి, గంప ఒక పక్కకు ఒరిగిపోయి పెళ్ళికూతురు కేకపెట్టింది. కాంచన నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. సుదర్శనం ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. బావమరుదులు ఇద్దరూ ఆయన్ను దాటుకుని పోయారు, చూసి కూడా.

మద్రాసు నుంచి శశికుమార్ వచ్చాడు. ఏళ్ళ తరబడి సుదర్శనం చెప్పిన బండే కొని, ఆయన వద్దన్న బండిని తాకని మనిషి. అక్షింతలు కూడా వేయకుండా కారు చుట్టూ తిరిగాడు. వంగాడు, బోల్టులు తడిమాడు, వేలితో ఒక బొట్టు నొక్కాడు. ఊపిరి బిగబట్టుకుని వచ్చి సుదర్శనం చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యా, ఇది మొత్తం ఒరిజినల్ మాదిరి ఉండాదే! ఎవరిది ఇది? అమ్ముతారా?"

బావమరుదులు ఇద్దరూ వెనుకే ఉన్నారు. ఇద్దరూ ఛాతీలు విరుచుకున్నారు. ఎవరిది అనే మాట వినగానే ఇద్దరి నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. సుదర్శనం ఆ నోళ్ళు చూశాడు. గోడ మళ్ళీ లేవడానికి ఒక్క మాట చాలు.

"డూప్పు" అన్నాడు గట్టిగా. "అంతా డూప్పే. అమ్మినా కొనొద్దు."

శశికుమార్ చెయ్యి వదిలేశాడు. ఆయన ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత జాలి.

"వయసైపోయింది మీకు. కన్ను పోయింది" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత తాను కొన్న కార్లకు శశికుమార్ ఇంకెవరినో పిలిచాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ సుదర్శనాన్ని పిలవడం మానేశారు.

బావమరుదులు పగలబడి నవ్వారు. "ఒరిజినలంటే ఏందో మా బావకు ఈ జన్మకు తెలీదు సార్" అన్నాడు ఎలుమలై, సుదర్శనం భుజం మీద చెయ్యి వేసి. అత్తిమంజేరిపేట వీధి తర్వాత ఆ చెయ్యి పడడం అదే మొదలు.

పెళ్ళి భోజనాలయ్యాక రత్నస్వామి కారు వెనుక తలుపు తెరిచాడు. "ఎక్కు బావా. డూప్పని నడిచి పోతావా?"

ముందు ఎలుమలై స్టీరింగు పట్టాడు. వెనుక రత్నస్వామి, మధ్యలో సుదర్శనం, ఆ పక్క కాంచన. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కొండ మలుపు దిగుతుంటే ఆ శబ్దం నెయ్యిలా జారుతోంది. జీవితంలో ఇంత నిజమైన బండిని చూడలేదని ఎవరికైనా, కనీసం పక్కనున్న పెళ్ళానికైనా చెప్పుకోవాలని సుదర్శనానికి నోటిదాకా వచ్చింది. కళ్ళు నిండిపోయాయి.

ఎలుమలై అద్దంలో చూశాడు. "ఏం బావా, కండ్లలో నీళ్ళు?"

"పొగ" అన్నాడు సుదర్శనం. "డూప్పు ఇంజను కదా, పొగ కొడతాది."

అన్నదమ్ములిద్దరూ కలిసి తిట్టడం మొదలుపెట్టారు. కాంచన చీరకొంగు తీసి, ఎవరూ చూడకుండా, ఆయన చేతిలో పెట్టింది.